కణం చావు గురించి చెప్పడానికి అమీర్‌పేట వెళ్ళాను

మా సాలూరులో ఆ రోజుల్లో డిగ్రీ చదివే పిల్లల్లో అమీర్‌పేట తెలియనివాళ్ళు లేరు. చార్మినార్ ఎటువైపుందని అడిగితే తడుముకునేవాళ్ళే, అమీర్‌పేటలో ఏ సందులో జావా బాగా చెబుతారో మాత్రం నిద్రలో లేపి అడిగినా చెప్పేవాళ్ళు. వాళ్ళ నోట విని విని చివరికి నేనూ వెళ్ళొచ్చాను. కంప్యూటర్ నేర్చుకోవడానికి మాత్రం కాదు. మన ఒంట్లో కణాలు ఎలా చచ్చిపోతాయో చెప్పడానికి.

నేను మా ఊరి ప్రైవేటు కాలేజీలో జువాలజీ చెప్పేదాన్ని. ఆ ఏడు బైపీసీ వైపు చేరినవాళ్ళు ఒక ఆటోలో పట్టేంత మందే. వచ్చే ఏడాది గ్రూపు ఎత్తేస్తామని యాజమాన్యం చెప్పేసింది. "మీరు కూడా కంప్యూటర్ నేర్చేసుకోండి మేడం" అన్నారు ప్రిన్సిపాల్ గారు, ఉప్మా చేయడం నేర్చుకోమన్నంత తేలిగ్గా.

అప్పుడే శిరీష ఫోన్ చేసింది. నా దగ్గర చదువుకున్న పిల్ల, అమీర్‌పేటలో హాస్టల్లో ఉంటూ జావా నేర్చుకుంటోంది. "మేడం, మా ఇన్‌స్టిట్యూట్‌లో బయో ఇన్ఫర్మాటిక్స్ అని కొత్త కోర్సు పెడుతున్నారు. కంప్యూటర్ చెప్పేవాళ్ళు బోలెడు మంది ఉన్నారు గానీ కణం గురించి చెప్పేవాళ్ళు లేరు. మీ పేరు చెప్పాను. ఒక డెమో క్లాసు చెబితే చాలట."

మా ఆయన ఆలోచించి, "వెళ్ళిరా. ఉద్యోగం వస్తే ఏం చేయాలో వచ్చాక చూద్దాం" అన్నారు. విజయనగరం వెళ్ళి రైలెక్కాను.

అమీర్‌పేట: దండ వేసిన సెల్‌ఫోను

అమీర్‌పేటలో ఆకాశం ఉంటుందని అంటారు గానీ నాకు కనిపించలేదు. కనిపించినంత మేరా బోర్డులే. బోర్డు మీద బోర్డు, దాని మీద ఇంకో బోర్డు, వాటి సందులోంచి ఒక కిటికీ, ఆ కిటికీలో ఆరేసిన తువ్వాలు. బస్టాపు నుంచి వంద గజాలు నడిచేసరికి నా చేతిలో పెట్టిన పాంప్లెట్లు మా ఊరి పెళ్ళిళ్ళలో ఇచ్చే తాంబూలాలకంటే ఎక్కువ. నా వయసు, జరీ అంచు చీర, చేతిలో స్టీలు క్యారేజీ, ఇవేవీ చూడరు. "టెస్టింగ్ టూల్స్ అక్కా, కొత్త బ్యాచ్!" అంటూ చేతిలో కుక్కేస్తారు.

ఇన్‌స్టిట్యూట్ ఒక టిఫిన్ సెంటర్ పైన, రెండో అంతస్తులో ఉంది. దోసె వాసనలో మెట్లెక్కితే ఓనరు నరసింగరావు గారు ఎదురొచ్చారు. నలభై దాటిన మనిషి, నడుముకు సెల్‌ఫోను పౌచ్, మాట్లాడేటప్పుడు మధ్య మధ్యలో దాన్ని తడిమి చూసుకునే అలవాటు. ఇన్‌కమింగ్ ఫ్రీ అయిన కొత్తరోజులవి.

"రాండ్రి మేడం. మీరేం ఫికర్ చేయకుండ్రి, పబ్లిసిటీ జబర్దస్త్ చేయించిన" అంటూ ఒక పాంప్లెట్ అందించారు.

పైన లావుపాటి అక్షరాలతో 'ప్రోగ్రామ్డ్ సెల్ డెత్. ఫ్రీ డెమో' అని ఉంది. కింద వెల్లకిలా పడుకున్న ఒక సెల్‌ఫోను బొమ్మ. దానికి బంతిపూల దండ వేసి, ముందు అగరొత్తులు వెలిగించి ఉన్నాయి.

"ఈ సెల్ ఆ సెల్ కాదండీ" అన్నాను.

"నాకెర్కనే మేడం. బొమ్మ డీటీపీ ఆయన పెట్టిండు. గని మస్తుంది గదా?"

"నేను ఇంకా చాలా టాపిక్కులు రాసి పంపాను కదండీ."

"పంపిన్రు. గండ్ల ప్రోగ్రామ్ అనే మాట గిదొక్కదాంట్లనే ఉన్నది. వానపాము జీర్ణవ్యవస్థ అని బోర్డు పెడ్తే అమీర్‌పేటల ఎవడొస్తడు, మీరే చెప్పుండ్రి?"

ఇరవై మంది చేరితే బ్యాచ్ మొదలు, బ్యాచ్ మొదలైతే కణాల ఫ్యాకల్టీని నేనే అని తేల్చారు. ఆ ఇరవై మంది కోసమే దండ వేసిన సెల్‌ఫోనుకు కూడా తల ఊపాను.

లేడీస్ హాస్టల్

శిరీష గదిలో నాలుగు మంచాలు, ఆరుగురు మనుషులు. నాతో ఏడుగురం. అందరూ నన్ను "ఆంటీ" అని మొదలుపెట్టారు. శిరీష "ఆంటీ కాదే, మేడం!" అని ఒక్కొక్కరినీ సరిదిద్దుతూ అలిసిపోయి, రెండో రోజుకు తనే పొరపాటున ఆంటీ అనేసింది.

మా ఊళ్ళో కుళాయి దగ్గర నిలబడితే ఎవరింట్లో ఏం గొడవో తెలుస్తుంది. ఇక్కడ బాత్‌రూమ్ క్యూలో నిలబడితే ఇంటర్వ్యూ ప్రశ్నలన్నీ వస్తాయి. ఒకమ్మాయి లోపల నీళ్ళు పోసుకుంటూ అడుగుతుంది, ఇంకో అమ్మాయి బయట పళ్ళు తోముకుంటూ జవాబిస్తుంది. పక్క మంచం గుడివాడ అమ్మాయి నన్నడిగింది, "మీరేం కోర్సండీ?"

"ప్రోగ్రామ్డ్ సెల్ డెత్."

"ఎన్ని నెలలండీ? ప్లేస్‌మెంట్ ఉంటుందా?"

"పుట్టక ముందు నుంచీ ఉంటుందమ్మా" అన్నాను. ఆ పిల్ల సీరియస్‌గా, "గవర్నమెంటుదా అండీ?" అంది.

భోజనం సంగతి చెప్పకపోతే అన్యాయం. పొద్దున టమాటా పప్పు, రాత్రి అదే పప్పు నీళ్ళు పోసి సాంబారు. వండే వెంకాయమ్మ గారిది భీమవరం. పాపం మంచి చెయ్యే గానీ, హాస్టల్ ఓనరు ఇచ్చే సరుకులు పప్పు దాటి ముందుకు పోవు. కూరగాయ ముక్క కనబడిన రోజు పిల్లలు ఫోన్ చేసి ఇంటికి చెప్పుకుంటారట.

ఎర్రగడ్డ: ముదురు సొరకాయ

మైటోకాండ్రియాను చూపించకుండా ఎలా చెప్పడం అన్నది నా బెంగ. కణం లోపల కరెంటు తయారుచేసే చిన్న చిన్న తిత్తులవి. చుట్టూ రెండు పొరలు. బయటిది నున్నగా ఉంటుంది, లోపలిది మడతలు మడతలుగా ఉంటుంది. స్లైడు వేసి చూపించవచ్చు గానీ నాకు స్లైడ్ల మీద నమ్మకం లేదు. చేత్తో పట్టుకు చూపిస్తేనే పిల్లలకు ఎక్కుతుందని నా అనుభవం. ఆకారానికి సొరకాయ సరిగ్గా సరిపోతుంది.

"సొరకాయలైతే ఎర్రగడ్డ రైతుబజారులో బాగుంటాయి మేడం. పెద్ద మెంటల్ హాస్పిటల్ దాటాక" అంది శిరీష. బస్సెక్కి వెళ్ళాను.

అక్కడ ఒకామె సొరకాయలు పేర్చుకుని కూర్చుంది. నేను గోరు గుచ్చి చూడకుండా, ఒక్కోటీ ఎత్తి పట్టుకుని అటూ ఇటూ తిప్పి ఆకారం చూస్తుంటే ఆమెకు అనుమానం వచ్చింది.

"గది ముదురు అక్కా. గీ లేతది తీస్కో."

"ముదురే కావాలమ్మా. తొక్క గట్టిగా ఉండాలి."

"గట్టి తొక్కతోని ఏం వండుతవ్?"

"వండను. పాఠం చెబుతాను."

ఆమె నన్ను తల నుంచి కాళ్ళ దాకా చూసి, చాలా మెత్తగా అడిగింది: "అక్కా, నువ్వు గీ ఎర్రగడ్డలనే ఉంటవా?"

కాదమ్మా, అమీర్‌పేట అన్నాను. దాంతో ఆమె అనుమానమంతా తీరినట్టుంది. ఒక రూపాయి కూడా తగ్గించింది.

హాస్టల్‌కు వచ్చి సొరకాయను నిలువుగా చీల్చి లోపలంతా తొలిచాను. శిరీష ఎర్ర రిబ్బన్ మడతలు పెట్టి లోపలి పొరగా కుట్టింది. ఆ పొరకు అతుక్కుని సైటోక్రోమ్ సి అని ఒక ప్రోటీన్ ఉంటుంది. నా కథలో అసలు పాత్ర అదే. దాని కోసం నానబెట్టిన శనగలు సూదితో గుచ్చి రిబ్బన్‌కు వేలాడదీశాను. గదిలో ఉక్కగా ఉందని దాన్ని జాగ్రత్తగా వంటింట్లో, చల్లటి గట్టు మీద పెట్టాను.

మర్నాటి భోజనం

మర్నాడు హాస్టల్లో పండగ వాతావరణం. కిందికి దిగి కంచం ముందు కూర్చుంటే వేడి వేడి కూర వడ్డించారు. సొరకాయ, శనగలు, పైన కొత్తిమీర.

నోట్లో పెట్టుకున్నాక గానీ నాకు వెలగలేదు.

"వెంకాయమ్మ గారూ, ఈ సొరకాయ..."

"మీరు తెచ్చిందే కదండీ! ఎవరో పుణ్యాత్మురాలు గింజలు తీసేసి, శనగలు కూడా నానబెట్టి లోపల పెట్టి ఉంచింది. సగం పని అయిపోయిందనుకున్నాను. ముదురు కాయండీ, తొక్క తీసేసరికి నా చెయ్యి పడిపోయింది. దారం మాత్రం జాగ్రత్తగా లాగేశాలెండి. అదిగో మీ రిబ్బను, ఉతికి ఆరేశాను."

కిటికీ ఊచకు నా లోపలి పొర గాలికి ఊగుతోంది. గుడివాడ అమ్మాయి మారు వడ్డించుకుంటూ, "ఆంటీ, మీరు రోజూ ఇలాంటి పాఠాలు చెప్పండి" అంది. కూర బాగుందన్నది నిజమే, నేనూ మారు అడిగాను. గంటలో డెమో ఉంది. చేతిలో మైటోకాండ్రియా లేదు, ఉన్నదంతా కడుపులో ఉంది.

డెమో

గదిలో నలభై మందికి పైనే కూర్చున్నారు. నరసింగరావు గారి ముఖం వెలిగిపోతోంది. ఎందుకొచ్చారని ఒక్కొక్కరినీ అడిగాను. సగం మంది ఇది కొత్త ప్రోగ్రామింగ్ లాంగ్వేజీ అనుకున్నారు. ఒకతను వైరస్ తీసే సాఫ్ట్‌వేర్ అనుకున్నాడు. వెనక వరసలో ముప్ఫై ఏళ్ళ మనిషి ఒకడు లేచి, "నా పేరు యాదగిరి మేడం. పంజాగుట్టల సెల్ రిపేర్ షాపు ఉన్నది. చచ్చిన సెల్లును ఎట్ల లేపాల్నో చెప్తరనుకున్న" అన్నాడు.

"ఇక్కడ బతికున్నది ఎలా చస్తుందో చెబుతాం బాబూ."

"గది నాకు వచ్చు మేడం. నీళ్ళల్ల వడితే సస్తది."

అందరూ నవ్వారు. అతనూ నవ్వాడు గానీ వెళ్ళిపోలేదు. నేను ప్రొజెక్టర్ వేయమన్నాను. వేయగానే కరెంటు పోయింది.

ఇక మొండిధైర్యంతో మొదలుపెట్టాను. కప్పపిల్లకు తోక ఉంటుంది, పెద్ద కప్పకు ఉండదు, ఆ తోక ఎక్కడికి పోయిందన్నాను. అమ్మ కడుపులో మన చెయ్యి మొదట తెడ్డులా ఉంటుంది, వేళ్ళ మధ్య కణాలు వాటంతట అవే చచ్చిపోతేనే వేళ్ళు విడిపడతాయన్నాను. నలభై మందీ తమ వేళ్ళు చూసుకున్నారు. అప్పుడు నాకు ధైర్యం వచ్చింది.

"కుర్చీలు గుండ్రంగా వేయండి. అదే మైటోకాండ్రియా బయటి గోడ. మీరు నలుగురు లోపల నిలబడండి. మీరు సైటోక్రోమ్ సి. మామూలు రోజుల్లో మీ పని కరెంటు తయారీలో చేయి కలపడం. ఏడుగురు వెళ్ళి వరండాలో చేతులు చాచి నిలబడండి. శిరీషా, నువ్వు కత్తెరవి. ఈ పాంప్లెట్లు పట్టుకో."

కణం దెబ్బతిన్నప్పుడు మైటోకాండ్రియా బయటి గోడకు కంతలు పడతాయి. ఇంతకాలం ప్రాణం పోసిన సైటోక్రోమ్ సి ఆ కంతల్లోంచి బయటికి వస్తుంది. బయట ఎదురుచూసే ప్రోటీన్లతో కలిసి చక్రం కడుతుంది. ఆ చక్రం కత్తెరల్ని నిద్రలేపుతుంది. కత్తెరలు కణాన్ని చప్పుడు లేకుండా, పక్కవాళ్ళకు హాని లేకుండా ముక్కలు చేసి పొట్లాలు కట్టేస్తాయి. ఇదంతా చెప్పి, "గోడకు కంత పడింది, వెళ్ళండి!" అన్నాను. రెండు కుర్చీలు తీశారు. నలుగురూ హుషారుగా మెట్ల వైపు తలుపు తీసుకుని వెళ్ళారు.

వరండాలో ఏడుగురు చేతులు చాచుకుని నిలబడ్డారు. శిరీష పాంప్లెట్లు చింపడానికి సిద్ధంగా ఉంది. ఎవరూ రాలేదు. మేం చూస్తున్నాం, వాళ్ళు చూస్తున్నారు. చివరికి వరండాలోంచి ఒకడు తల లోపలికి పెట్టి, "వాళ్ళు మెట్లు దిగి పోయిన్రు మేడం. పక్క బిల్డింగుల టెస్టింగ్ టూల్స్ డెమో ఉన్నదట" అన్నాడు.

గది గొల్లుమంది. నరసింగరావు గారు నుదురు కొట్టుకున్నారు. నేనూ నవ్వి నవ్వి కుర్చీలో కూలబడ్డాను. నవ్వు తగ్గాక నాకు తెలియకుండానే పాఠం నోట్లోంచి వచ్చేసింది.

"చూశారుగా. కబురు అందలేదు, చక్రం కట్టలేదు, కత్తెర కదల్లేదు. చావాల్సిన కణం చావకుండా అలాగే కూర్చుంది. కూర్చోవడమే కాదు, పిల్లల్ని కంటుంది. చాలా కాన్సర్లలో జరిగేది ఇదే."

వెనక వరసలో యాదగిరి నిలబడ్డాడు.

"మేడం, మరి గా కబురు పంపిచ్చే మందు ఉంటదా?"

"కాన్సర్‌కు ఇచ్చే మందుల్లో చాలావాటి పని అదే. కణాన్ని దెబ్బ తీస్తాయి. దెబ్బ తగిలితే లోపలి నుంచి కబురు బయలుదేరాలి."

"మా అమ్మకు గదే ఎక్కిస్తున్నరు" అన్నాడు.

క్లాసు అయ్యాక చప్పట్లు బాగానే కొట్టారు. కోర్సులో చేరింది మాత్రం ఇద్దరు. అందులో ఒకరు శిరీష, అది కూడా నా మీద జాలితో. నరసింగరావు గారు టీ తెప్పించి, "మీరు చెప్పుడు మస్తుంది మేడం, అబద్ధం ఎందుకాడాలె. గని ఇద్దరితోని బ్యాచ్ నడ్వది" అన్నారు. ఆ టీ తాగుతూ కిటికీలోంచి చూస్తే ఎదురు మేడ మీద ఎవరిదో కొత్త బోర్డు ఎక్కిస్తున్నారు. ఏడుపు రాలేదు గానీ, టీ సగం వదిలేశాను. ఆ తర్వాత మా గ్రూపు ఎత్తేశారు, నేను విజయనగరంలో ఇంటర్ పిల్లలకు బోటనీ కూడా కలిపి చెప్పడం మొదలుపెట్టాను. అది వేరే సంగతి.

మెట్ల కింద యాదగిరి నా కోసం నిలబడి ఉన్నాడు.

"మేడం, జర మా ఇంటికి వస్తరా? రేపు అమ్మకు సూదిమందు ఉన్నది. పోనంటున్నది. ఎంటికలన్ని ఊడిపోయినయి, గా మందే సంపుతున్నదని అంటున్నది. మీరు చెప్పినట్టు చెప్తే ఇంటదేమో."

నేను డాక్టర్ని కానన్నాను. "డాక్టర్ చెప్తే ఇంటలేదు గదా మేడం" అన్నాడు.

పంజాగుట్ట

పంజాగుట్టలో రోడ్డు దాటడం నాకు వచ్చిన విద్య కాదు. మా ఊళ్ళో లారీ కూడా ఆవును చూస్తే ఆగుతుంది. ఇక్కడ అంబులెన్సు కూడా హారన్ కొట్టి బతిమాలుకోవాలి. యాదగిరి ఒక చెయ్యి గాల్లోకి ఎత్తి, ఎటూ చూడకుండా నడిచాడు. నేను కళ్ళు మూసుకుని అతని చొక్కా పట్టుకుని నడిచాను.

పెద్ద షాపుల వెనక సందులో రెండు గదుల ఇల్లు. వాళ్ళమ్మ పేరు మల్లమ్మ. జనగామ వైపు పొలం పనులు చేసిన మనిషి, కొడుకు కోసం పట్నం వచ్చింది. తలకు తువ్వాలు చుట్టుకుని మంచం మీద గోడకానుకుని కూర్చుంది.

"గీమె డాక్టరమ్మనా?"

"కాదమ్మా, టీచరమ్మ."

"టీచరమ్మకు నా రోగంతోని ఏం పనిరా? ఎవరు దొరికితే వాళ్ళను ఇంటికి తోల్కొస్తవ్" అని కొడుకును కసిరి, నాకు కుర్చీ చూపించింది. కోడలు సర్వపిండి తెచ్చి పెట్టింది. బియ్యప్పిండిలో పల్లీలు, నువ్వులు, మిరపకాయ వేసి గిన్నెకు అద్ది కాలుస్తారు. మన దిబ్బరొట్టెకు దూరపు చుట్టం అనుకోండి, కోపం మాత్రం ఎక్కువ. కారానికి నా కళ్ళలో నీళ్ళు తిరిగితే మల్లమ్మ మొదటిసారి నవ్వింది.

"ఇగ చెప్పు. ఏం చెప్పొచ్చినవ్?"

చెప్పాను. కణం అంటే ఏమిటో, దాని లోపల కరెంటాఫీసు ఎలా ఉంటుందో, దెబ్బతిన్నప్పుడు 'ఇక నీ పని అయిపోయింది' అనే కబురు ఆ ఆఫీసు నుంచే ఎలా వెళ్తుందో.

"గడ్డలో కణాలు మొండివండీ. ఆ కబురును బయటికి రానివ్వవు. మందు గట్టిగా కొడితే గానీ కదలవు. జుట్టు మొదళ్ళలో కణాలు కూడా గబగబా పెరిగేవే గానీ, అవి మెత్తనివి. మందు తగలగానే చెప్పిన మాట విని పోతాయి."

మల్లమ్మ లెక్క తేల్చినట్టు అంది: "అంటే మాట ఇనేటోళ్ళు ముందుగాల పోతరు. ఇననోళ్ళు ఉంటరు."

"అవునండీ."

"మా ఊళ్ళె సుత గంతేనమ్మా" అంది. తర్వాత తువ్వాలు సవరించుకుంటూ, "ఎంటికలు మళ్ళ వస్తయా?"

"మందు ఆపాక మామూలుగా వస్తాయంటారు."

"గడ్డ పోతదా?"

యాదగిరి నా వైపు చూశాడు. అవునని చెప్పమని కళ్ళతోనే అడుగుతున్నాడు. అంత ఆశగా చూస్తున్న మనిషి ముందు నిజం చెప్పడం నలభై మంది ముందు పాఠం చెప్పడం కంటే కష్టమైంది.

"అది నాకు తెలియదండీ. మందు ఏం చేస్తుందో చెప్పగలను గానీ, మీ గడ్డ వింటుందో లేదో నేను చెప్పలేను."

బయట ఏదో బస్సు ఆగి, కదిలి వెళ్ళింది.

"సరే. రేపు పోదాం. నువ్వు సుత రావాలె. మధ్యల మర్చిపోతే ఎవరినడగాలె?" అంది మల్లమ్మ.

ఆసుపత్రి

నా రైలు సాయంత్రం. పొద్దున్నే ఆటోలో ముగ్గురం వెళ్ళాం. (తర్వాత యాదగిరి ఫోన్ చేసి చెప్పాడు: సూదులన్నీ పూర్తయ్యాయట, గడ్డ బాగా తగ్గిందన్నారట, జుట్టు మాత్రం ఉంగరాలు తిరిగి వచ్చిందట. అది చూసుకుని మల్లమ్మ సిగ్గుపడిందట.) ఆ పొద్దున మాకు అవేమీ తెలియవు. ఆటోలో ఆమె నా చెయ్యి పట్టుకునే కూర్చుంది.

వార్డులో నర్సు నన్ను చూసి, "ఈమెకు మీరేమవుతారు?" అని అడిగింది. నేను తడబడుతుంటే మల్లమ్మే, "మా సారమ్మ" అని గట్టిగా చెప్పింది. సెలైన్ స్టాండుకు సీసా తగిలించారు. మందు చుక్క చుక్కగా దిగడం మొదలైంది. ఆమె కాసేపు కళ్ళు మూసుకుంది.

పక్క మంచం మీద నెల్లూరు నుంచి వచ్చిన ఒకావిడ ఉంది. మొదటిసారట. జడను ఒళ్ళో పెట్టుకుని మెల్లగా ఏడుస్తోంది. ఆ ఏడుపు విని మల్లమ్మ కళ్ళు తెరిచి అటు తిరిగింది.

"ఏడ్వకు బిడ్డా. ఎంటికలు మాటింటయి గనుకనే పోతయి. మళ్ళ వస్తయి. నీ ఒంట్ల ఒక్కొక్క కణంల ఒక కరెంటాఫీసు ఉంటది. గీ మందు పోయి గా ఆఫీసు తలుపు కొడ్తది. గండ్లకెల్లి నలుగురు మనుషులు బయటికి ఉరుకుతరు. బయట ఏడుగురు చేతులు సాపుకోని నిలబడి ఉంటరు. ఆ నలుగురు మధ్యల చాయ్ తాగనీకి పోకుండ సక్కగ పోతే, ఇగ గడ్డ పని అయినట్టే."

డెమో సంగతంతా కొడుకు ఇంట్లో పూసగుచ్చినట్టు చెప్పాడన్నమాట. నలుగురు కాదు, లక్షల్లో ఉంటాయని సరిదిద్దబోయి ఊరుకున్నాను. నెల్లూరావిడ ఏడుపు ఆపి, జడ వెనక్కి వేసుకుని వింటోంది.

"ఆ ఆఫీసు పేరేందమ్మా?" అంది ముక్కు తుడుచుకుంటూ.

మల్లమ్మ నా వైపు చూసింది. "పేరేందో చెప్పు సారమ్మా."

"మైటోకాండ్రియా" అన్నాను.

"మైటా కండ్రిగ" అంది మల్లమ్మ, అప్పజెప్పినట్టు.

నెల్లూరావిడ ముఖం విప్పారింది. "కండ్రిగా? మా ఊరి పక్కన కూడా ఒక కండ్రిగ ఉండాదమ్మా. మా అక్కని ఇచ్చింది ఆడికే."

"గట్లనా! ఎంత దూరం ఉంటది?" అని అడిగింది మల్లమ్మ. ఆ ఊరి సంగతులు మొదలయ్యాయి. సీసాలో మందు సగానికి దిగింది.